చివరి అధ్యాయం బస్సులోనే

పోయిన నెల ప్రొద్దుటూరు బస్టాండు బయట టీ అంగడి దగ్గర ఇద్దరు రిటైరైన డ్రైవర్లు మాట్లాడుకుంటుంటే విన్నాను.

"పుస్తకాల కండక్టరు పోయినాడంట గదప్పా."

"ఏ కండక్టరు? పిల్లోనికి పుస్తకం ఆశ పెట్టి బస్సెక్కిచ్చి, వాళ్ల నాయన్ను సంపిచ్చినాడే, ఆయప్పా?"

"ఆ, ఆయప్పే. షుగరు. ముందే కాలు తీసేసినారంట."

"ఊరికే పోతాదా అట్లాంటి పాపం!"

మొదటాయన గ్లాసు అడుగున మిగిలిన టీ కాలవలోకి పారబోసి, పింఛను సంగతి ఎత్తుకున్నాడు. నేను వాళ్ల పక్కనే, అదే బెంచీ మీద ఉన్నాను. నోరు తెరవలేదు. తెరవకపోవడం నాకు అలవాటే. కండక్టరు బతికున్నన్నాళ్లూ తెరవలేదు. ఆ డ్రైవర్లు చెప్పుకున్నది అబద్ధమని ఆయనకు తెలుసు, మా మామకు తెలుసు, నాకు తెలుసు. కండక్టరూ మామా ఇప్పుడు లేరు. ఇక మిగిలింది నేనే.

ఆయనది పొద్దున పులివెందుల నుంచి ముద్దనూరు, జమ్మలమడుగు మీదుగా ప్రొద్దుటూరు పోయే బస్సు. సాయంత్రం అదే దారిన వెనక్కి. పొట్టి మనిషి. ఎడమ భుజానికి టికెట్ల సంచి, కుడి భుజానికి పుస్తకాల సంచి. రెండు బరువులూ సమంగా ఉండేవి కావు కాబట్టి ఎప్పుడూ కుడి పక్కకు కొంచెం ఒరిగి నడిచేవాడు. టికెట్లు కొట్టడం అయిపోగానే వెనక తలుపు దగ్గర కమ్మీకి ఆనుకుని, బొటనవేలు పేజీలో పెట్టి చదువుకునేవాడు. మనిషి దిగిపోయినా, కొత్త మనిషి ఎక్కినా ఈల వినపడేది కాదు. డ్రైవరు వెనక్కి తిరిగి అరిచేవాడు.

"ఏమప్పా, ఈలన్నా ఊదు, పుస్తకమన్నా మూయి!"

"రోంత ఆగప్పా, వాడు బావిలో ఉండాడు."

బస్సంతా నవ్వేది. బావిలో ఉన్నది పుస్తకంలో పిల్లవాడని అందరికీ తెలుసు.

ఆయన చదివేవీ, మాకు ఇచ్చేవీ ఒకే రకం నవలలు. ఆ రకానికి తెలుగులో అప్పుడు పేరు లేదు. ఆయన మాత్రం 'మీసం రానోళ్ల పుస్తకాలు' అనేవాడు.

"చిన్నపిల్లోళ్ల కతల్లో రాజుంటాడు. పెద్దోళ్ల కతల్లో పెండ్లాముంటాది. పదారేండ్లోనికి ఆ రెండూ లేవు. వాని కోసరం ఎవురన్నా ఏమన్నా రాసినారా అని ఎతుకుతాండా."

మరి ఆడపిల్లల పుస్తకాలకేం పేరని టైపింగు నేర్చుకోవడానికి జమ్మలమడుగు పోయే ఒక అమ్మాయి అడిగితే, "మీకు పేరు పెట్టి అంటగట్టాల్నా అమ్మా? మీకు సందు దొరికితే సాలు, పెరుక్కోని చదువుతారు" అన్నాడు.

ఆ వెతుకులాట ఎక్కువగా ప్రొద్దుటూరు పేవ్‌మెంటు మీద, పాత కాగితాలు తూకానికి కొనే అంగళ్లలో జరిగేది. రష్యా నుంచి, బెంగాల్ నుంచి తెలుగైనవి, అట్టలు పోయినవి దొరికేవి. వారపత్రికల్లో సీరియళ్లు కత్తిరించి, గోనెసంచి దారంతో కుట్టి, పాత క్యాలెండరు కాగితం అట్ట వేసేవాడు. జమ్మలమడుగు మిషను పేటలో పుట్టాడు. తాత కాలంలోనే మిషను వాళ్ల దగ్గర చదువు నేర్చిన ఇల్లు. చిన్నప్పుడు బడిలో ఒక బీరువా ఉండేదనీ, తాళం చెవి తన దగ్గరే ఉండేదనీ చెప్పేవాడు. అంతకు మించి తన గురించి ఆయన చెప్పింది నాకు గుర్తు లేదు.

నవల ఇచ్చే ముందు కథ చెప్పేవాడు కాదు. "దీంట్లో ఒక కుంటి మేక ఉండాది" అని మేకలు కాసే ఇంటి పిల్లవానికి ఒకటి ఇచ్చాడు. టైపింగు అమ్మాయికి ఇస్తూ, "దీంట్లో ఒక పిల్ల సైకిలు దొంగిలిస్తాది" అన్నాడు.

"దొరికిపోతాదా?"

"పాసు సూపీ తల్లీ."

అంతే. ఆ అమ్మాయి ముద్దనూరు వచ్చేలోపల సగం చదివేసింది.

ఎవరికి ఏది ఇవ్వాలో తేల్చుకోవడానికి ఆయన అడిగే ప్రశ్నలు పుస్తకాలకు సంబంధించినవి కావు. నన్ను మొదటిసారి అడిగింది ఇదీ:

"మీ ఇంట్లో నువ్వు మాట్లాడితే వినేదెవురు?"

"మా జేజి. మా నాయన వాళ్లమ్మ."

"ఆయమ్మకు చెవులు బాగుండాయా?"

"రోంత చెవుడు."

"ఐతే ఇది నీకే" అని సంచి అడుగు నుంచి ఒక పుస్తకం తీశాడు. అందులో ఒక మూగ పిల్లవాడు ఉన్నాడు. ఆ వయసులో నా లోపల ఇంత గొడవ ఉందని నాకు చెప్పింది ఆ పుస్తకమే. మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు, బళ్లో ఎవరూ చెప్పలేదు.

ఆయనకు ఒక పద్ధతి ఉంది. ప్రతి నవల్లోనూ చివరి అధ్యాయాన్ని బ్లేడుతో కోసి, గుండుసూది గుచ్చి, టికెట్ల సంచిలో పెట్టుకునేవాడు. మిగతా పుస్తకం ఇంటికి తీసుకుపోవచ్చు, ఎన్నాళ్లైనా ఉంచుకోవచ్చు. చివరి అధ్యాయం మాత్రం బస్సులోనే చదవాలి. ఆ కాగితాలు బస్సు దిగవు. పుస్తకం అయిపోయిందంటే డ్రైవరు వెనక ముందరి సీటు ఖాళీ చేయించి కూర్చోబెట్టేవాడు. తాను కమ్మీ పట్టుకుని నిలబడి, టికెట్లు కొట్టడం కూడా మానేసి, చదివే మొగం చూస్తుండేవాడు.

"ఇదేం రూలప్పా, ఇంటికిచ్చి పంపిస్తే ఏం పోతాది?" అని మేము పేచీ పెట్టేవాళ్లం.

"బాడుగ ఇస్తాండారా మీరు నాకు? లేదు గదా. ఆఖరి పేజీ కాడ మీ మొగాలు సూసేది ఒక్కటే నాకు మిగిలేది. అదీ ఇయ్యకుంటే ఎట్ల?"

ఒకసారి జమ్మలమడుగులో ఒక ఊరి పెద్దమనిషి ఎక్కాడు. వెంట ఇద్దరు మనుషులు. ఆయన ఎక్కితే ముందరి సీటు ఆయనదే. అందులో ఒక పిల్లవాడు కూర్చుని చివరి కాగితాలు చదువుకుంటున్నాడు.

"లేపు వాన్ని" అన్నాడు పెద్దమనిషి.

"ఇంగ రెండే పేజీలుండాయప్పా. అంతవరకూ నిలబడు."

పెద్దమనిషి కండక్టరును కింద నుంచి పై దాకా చూసి, నవ్వి, నిలబడ్డాడు. కండక్టరుకు అది మంచి నవ్వులాగే కనపడింది. మనుషుల మొగాలు అంత బాగా చదివే ఆయన, చేతిలో పుస్తకం లేని మొగాలను సరిగ్గా చదవలేకపోయేవాడు.

అవి ఫ్యాక్షన్ ఏండ్లు. మా ఊరు ఒక పార్టీ, మా తర్వాత వచ్చే స్టాపు ఊరు ఇంకో పార్టీ. జెండాలు మారేవి, నాయకులు ఆ పార్టీ నుంచి ఈ పార్టీకి దూకేవాళ్లు, ఊర్ల మధ్య పగ మాత్రం ఉన్నచోటే ఉండేది. ఎవరింట్లో మంచినీళ్లు తాగితే వాళ్ల మనిషి కింద లెక్క. కండక్టరు రెండు ఊర్ల పిల్లలకూ పుస్తకాలిచ్చేవాడు, రెండు ఊర్ల చెంబుల్లో నీళ్లు తాగేవాడు. పెద్దవాళ్లు పట్టించుకోలేదు. ఆయన లెక్కలో లేని మనిషి. ఆయన కులానికీ, చర్చికీ ఆ తగాదాలో పాత్ర లేదు. లెక్కలో లేకపోవడం ఆయనకు రక్షణ అనుకున్నాను అప్పట్లో.

ఆ తర్వాతి స్టాపులో నా వయసు పిల్లవాడొకడు ఎక్కేవాడు. జమ్మలమడుగు కాలేజీలో ఇంటర్‌లో నాతోనే ఉండేవాడు. వాళ్ల నాయన ఆ ఊరి పార్టీకి పెద్ద. మేమిద్దరం మాట్లాడుకునేవాళ్లం కాదు. మాట్లాడుకోకూడదు. కానీ నేను చదివిన పుస్తకం తర్వాత వాడు చదివేవాడు, వాడు చదివింది నా దగ్గరికి వచ్చేది. వాడు చొక్కా కాలరు నములుతూ చదివేవాడు. వాడు ముందరి సీట్లో కూర్చుంటే కండక్టరు స్టాపులు మరిచిపోయేవాడు. నేను కూర్చున్నప్పుడు మరిచిపోయేవాడు కాదు.

ఒకరోజు అడిగేశాను. "వాడు నాకంటే బాగా చదువుతాడా?"

"నువ్వు ఎవురు గెలుస్తారా అని చదువుతావు. వాడు ఎవురు మిగుల్తారా అని చదువుతాడు. అంతేప్పా తేడా."

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆ ఏడాది వాళ్ల ఊరోళ్ల చేతిలో మా పార్టీ మనిషిని ఒకన్ని పోగొట్టుకున్నాము. మా మామకు కుడిభుజం లాంటి మనిషి. ఇంట్లో పొద్దున లేస్తే అదే మాట. అట్లాంటప్పుడు కండక్టరు ఎక్కడి నుంచో ఒక లావు నవల తెచ్చాడు. వారం రోజులు బస్సంతా దాని గురించే ఊరించాడు. "ఇద్దరన్నదమ్ములు, ఒక పడవ. అంతే చెప్తా." నేను ముందు అడిగాను. ఆయన దాన్ని ఆ పిల్లవానికి ఇచ్చాడు.

"ఏం, నాకియ్యకూడదా?"

"ఇప్పుడు నీకొద్దు. నీకు కోపం శానా ఉండాది. దీన్ని నువ్వు తప్పుగా చదువుతావు. రోంత సల్లారినాక ఇస్తా."

ఆయన చెప్పింది నిజం. నిజం కాబట్టే సహించలేకపోయాను.

తర్వాత గొడవలు ముదిరాయి. ఆ పిల్లవాన్ని కాలేజీ మాన్పించి ఇంట్లో పెట్టుకున్నారు. వాళ్ల నాయన గడప దాటడం లేదని, మిద్దె మీద మనుషులను కాపలా పెట్టాడని చెప్పుకునేవాళ్లు. పుస్తకం వాని దగ్గరే ఉంది. బస్సు ఆ స్టాపులో ఆగిన ప్రతిసారీ కండక్టరు తల బయట పెట్టి రోడ్డు వైపు చూసేవాడు.

ఒక సాయంత్రం, మేము తిరిగి వస్తుంటే వాడు రోడ్డు పక్కకు పరుగెత్తుకొచ్చాడు. నేను ఇవతలి కిటికీ దగ్గరే ఉన్నాను.

"ఐపోయిందప్పా! ఆఖరిది ఇయ్యి, బిరీన!"

"ఎక్కి చదువుకో."

"మా నాయన ఎక్కనియ్యడప్పా. కిటికీలోంచి ఇయ్యి, రేపు ఇదే టైముకు తెచ్చిస్తా."

"రూలు తెల్దా నీకు? ఆ కాగితాలు బస్సు దిగవు."

వాడు కాలరు నోట్లో పెట్టుకుని నిలబడ్డాడు. బస్సు కదిలింది. వెనక నుంచి అరిచాడు. "రేపు పొద్దున వస్తా! మా నాయన్ను అడుగుతా!"

కండక్టరు మొగం వెలిగిపోయింది. ఆ మాటలు బస్సులో అందరూ విన్నారు. కానీ ఇంటికి పోయి చెప్పింది నేను.

ఇంటి ముందు మా మామ మంచం మీద కూర్చుని శెనక్కాయలు వలుస్తున్నాడు. మా అమ్మ తమ్ముడు, ఊర్లో మా పార్టీకి పెద్ద. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి.

"ఏమల్లుడా, ఆ పిల్లోడు కాలేజీకి వస్తాండాడా?"

"లేదు మామా."

"నాయన రాడు, కొడుకు రాడు. ఎన్నాళ్లుంటారబ్బా ఇంట్లో" అన్నాడు, నాతో కాదు, గాలితో అన్నట్టు.

అక్కడితో ఊరుకుంటే అయిపోయేది. నేను ఊరుకోలేదు.

"రేపు వస్తాడు."

"నీకెట్ల తెల్సు?"

"పుస్తకమైపోయింది మామా. ఆఖరిది ఆ బస్సులో తప్ప యాడా దొరకదు. వాడు రాకుండా ఉండలేడు. నాకు తెలుసు."

ఆ 'నాకు తెలుసు'లో ఎంత గర్వముందో ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. చదివేవాడు ఎట్లా ఉంటాడో మామకు తెలియదు, నాకు తెలుసు.

"ఒక్కడే వస్తాడా?"

"వాళ్ల నాయన ఒక్కన్నే పంపడు."

మామ ఇంకో నాలుగు కాయలు వలిచి, గింజలు నా దోసిట్లో పోశాడు. "రేపు నువ్వు బస్సెక్కొద్దు. కడుపు నొస్తాందని చెప్పు" అన్నాడు. నేను ఆ గింజలు తిన్నాను.

పదహారేండ్ల పిల్లవానికి ఏం తెలుస్తుందని నాకు నేను చాలా ఏండ్లు చెప్పుకున్నాను. మా ఊర్లలో పదేండ్ల పిల్లలకు కూడా తెలుసు, 'రేపు బస్సెక్కొద్దు' అంటే ఏమిటో.

మరుసటి పొద్దున కడుపు పట్టుకుని పడుకున్నాను. మా జేజి వాము నీళ్లు కాచి ఇచ్చింది. రోడ్డు మా ఇంటికి దగ్గరే. బస్సు వచ్చి ఆగింది. ఈల వినపడింది. బస్సు కదలలేదు. ఇంకోసారి ఈల. నా కోసం ఆగాడు. జ్వరం వచ్చినా మానని పిల్లవాడు ఈరోజు ఏమయ్యాడా అని ఆగాడు. అప్పుడు పరుగెత్తి పోయి ఒక్క మాట చెప్పి ఉండవచ్చు. పడుకునే ఉన్నాను. బస్సు వెళ్లిపోయింది.

తర్వాతిది నేను చూడలేదు. బస్సులో ఉన్నవాళ్లు చెప్పింది. ఆ పిల్లవాడూ వాళ్ల నాయనా ఎక్కారు. పిల్లవాడు ముందరి సీట్లో కూర్చుని కాగితాలు తీసుకున్నాడు. ముద్దనూరు ఇంకా రాకముందు, కాలవ మీది మోరీ దగ్గర జీపు అడ్డం పెట్టారు. కండక్టరు చేసింది ఒకటే పని. పిల్లవాన్ని మెడ పట్టుకుని సీటు కిందికి తోసి, తాను ఆ సీట్లో కూర్చుని, రెండు కాళ్లతో అడ్డం కట్టాడు. వాడు లేవబోతే కాళ్లతో అదిమి పట్టాడు. వాళ్లు తండ్రిని దించుకుపోయారు. పిల్లవాని కోసం బస్సులో వెతికినవాళ్లకు ముందరి సీట్లో కూర్చున్న కండక్టరు మాత్రం కనపడ్డాడు.

పిల్లవాడు బతికాడు. అడిగినవాళ్లందరికీ చూసింది చూసినట్టు చెప్పాడు.

"కిటికీలోంచి ఇయ్యమంటే ఇయ్యలేదు. ఎక్కితేనే ఇస్తానన్నాడు. మా నాయన్ను లాగుతాంటే నన్ను లేయనీకుండా తొక్కి పట్టినాడు."

ఇందులో ఒక్క మాట అబద్ధం లేదు. వారం తిరిగేలోపల రెండు ఊర్లూ ఒకే మాట మీదికి వచ్చాయి: కండక్టరు దుడ్లు తిని పిల్లవాన్ని ఎర వేశాడు. మా ఊరికి ఆ మాట కావాలి, మామ పేరు మరుగున పడుతుంది. వాళ్ల ఊరికీ ఆ మాట కావాలి, తమ పెద్ద ఇల్లు దాటి రావడం తెలివితక్కువ కాదు, మోసపోయాడు అని చెప్పుకోవచ్చు. కండక్టరు ఇంటి మీద రాళ్లు పడ్డాయి. చర్చిలో కూడా పక్కన కూర్చునేవాళ్లు తగ్గారని విన్నాను. విచారణలో ఆయన ఎవరి పేరూ చెప్పలేదు. ఎక్కడో దూరం డిపోకు పంపేశారు. ఆయన తరఫున ఫోన్ చేసిన నాయకుడు లేడు. లెక్కలో లేని మనిషికి ఎవరు చేస్తారు?

ఆ రోడ్డు పొడుగునా ఎన్నో ఇండ్లలో చివర లేని నవలలు మిగిలిపోయాయి. తర్వాత వచ్చిన కండక్టరు మంచివాడే. గబగబా టికెట్లు కొట్టి, కూర్చుని నిద్రపోయేవాడు.

మా మామ పార్టీ అధికారంలోకి వచ్చింది. ఆయన రాయించిన సిఫారసుతో నాకు ఒక ఆఫీసులో గుమాస్తా పని దొరికింది. మా జిల్లాలో సిఫారసు లేకుండా ఆసుపత్రిలో మంచం దొరకదు, హాస్టల్లో సీటు దొరకదు. అన్నిటికీ ఎవరో ఒకరు ఎవరికో ఒకరికి చెప్పాలి. ఊరికే, ఏమీ ఆశించకుండా, 'ఇది నీకే' అని నాకు చెప్పినవాడు ఒక్క కండక్టరే.

చాలా ఏండ్ల తర్వాత ఆయన ప్రొద్దుటూరులో కనిపించాడు. బంగారంగళ్ల వీధిలో ఒక అంగడి మెట్ల మీద కూర్చున్నాడు. కూతురు లోపల కమ్మలు చూస్తోంది. వెంట్రుకలన్నీ నెరిశాయి. భుజాలు రెండూ సమంగా ఉన్నాయి. అది చూసి మొదట ఆయన కాదేమో అనుకున్నాను.

పేరు చెప్పబోతే ఆపేశాడు. "తెల్సులేప్పా. మూగ పిల్లోని పుస్తకం."

ఏం మాట్లాడాలో తెలియక, మాట్లాడకూడని మాటే మాట్లాడాను. "మా పాప తొమ్మిదో తరగతి చదువుతాందప్పా. ఏమన్నా మంచి నవల చెప్తావా?"

ఆయన కళ్లలో ఏదో కదిలింది. "ఎవురితో మాట్లాడతాది ఇంట్లో? కోపమొస్తే అరుస్తాదా, అన్నం మానేస్తాదా?" అని రెండు ప్రశ్నలు అడిగేశాడు. నేను జవాబు చెప్పేలోపల నోరు మూసుకున్నాడు. మెట్టు మీద గోటితో గీతలు గీస్తూ కూర్చున్నాడు.

"వద్దులేప్పా. బజార్లో ఏదో ఒకటి కొనియ్యి."

"అప్పా, ఆ పొద్దు..." అన్నాను.

"ఆ పొద్దు నీ స్టాపులో రెండుసార్లు ఈల ఊదినా" అన్నాడు, నా వైపు చూడకుండా. "నువ్వు రాలేదు. మోరీ కాడ జీపు సూస్తానే అర్థమైంది నాకు, నువ్వెందుకు రాలేదో."

"మరి విచారణలో ఎందుకు చెప్పలేదు?"

"సెప్పింటే వాళ్లు నిన్ను వదిల్తురా?"

చేతులు జోడించబోయాను. ఆయనకు అసహ్యం వేసినట్టుంది.

"నీ కోసరం కాదప్పా. దండాలు పెట్టొద్దు. నిన్ను మళ్లీ నా బస్సులోనే సంపుతురు. ఇంగొక శవాన్ని నేను మోయలేక." మెట్టు మీది దుమ్ము అరచేత్తో తుడిచాడు. "నీది ఒక మాట తప్పు. నాదీ ఉండాది. నాలుగు కాగితాలు కిటికీలోంచి ఇచ్చింటే ఐపోయేది. పిల్లోడు దండం పెట్టి అడిగినాడు. వాని మొగం నేను సూడాల్నంట! ఎంత గొప్పోన్నప్పా నేను!"

కూతురు బయటికి వచ్చింది. "ఎవురు నాయనా?" అని అడిగింది.

"ఎవురో పాసు పిల్లోడు. ఆ బస్సులో వస్తాండె" అని లేచాడు. మెట్లు దిగడానికి ఆమె చెయ్యి ఇచ్చింది. ఆ తర్వాత ఆయన్ను నేను చూడలేదు.

టీ అంగడి దగ్గర ఆ డ్రైవర్ల మాట విన్న మరుసటి వారం, పులివెందుల పోయాను. ఆ పిల్లవాడు ఇప్పుడు అక్కడ డ్రిప్పు పైపుల అంగడి పెట్టుకున్నాడు. కడుపు ముందుకొచ్చింది, అద్దాలొచ్చాయి. పైపుల చుట్టల మధ్య బల్ల వేసుకుని కూర్చున్నాడు. మొదటిసారి వానితో మాట్లాడాను. కండక్టరు పోయాడని చెప్పాను. శెనక్కాయల దగ్గరి నుంచి ఈలల దాకా, నేను చేసిందంతా చెప్పాను. కండక్టరు వాన్ని తొక్కి పట్టింది ఎందుకో చెప్పాను. కండక్టరు నిర్దోషి అని పత్రికలో రాస్తాను, పేరు పెట్టి రాస్తాను, నా పేరుతో సహా, అన్నాను.

వాడు అరిచి కొడతాడేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"ఆయన తొక్కి పట్టినందుకే బతికినానని నాకు కొన్నాళ్లకే తెల్సింది" అన్నాడు వాడు. "ఐనా తిట్టుకుంటానే ఉండినా. ఎందుకో తెల్సునా? ఆయప్పకు పార్టీ లేదు. ఊరు లేదు. ఆయప్పను తిట్టుకుంటే సాలు, ఎవుర్నీ నరకాల్సిన పనిలేదు. మా సిన్నాయనలు వచ్చి కత్తి ఇస్తే, 'సంపిచ్చింది కండక్టరు గదా, వాన్ని సంపితే మనకేం పేరు' అని పంపించేసినా. అట్ల బతుకుతా వచ్చినా ఇన్నేండ్లూ." అద్దాలు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. "ఇప్పుడు నువ్వొచ్చి నీ పేరు సెప్తాండావు. నన్నేం సెయ్యమంటావు దాన్ని?"

చెప్పి భారం దించుకోవాలని పోయాను. దించింది వాని నెత్తి మీద.

"మెల్లగా మాట్లాడు" అన్నాడు. "పెద్దోడు లోపల గోడౌన్లో ఉండాడు."

అనేలోపలే ఆ అబ్బాయి చేతులు దులుపుకుంటూ బయటికి వచ్చాడు. ఇరవై దాటి ఉంటాయి. తాత పోలిక అని చూడగానే తెలుస్తుంది. "ఎవురు నాయనా ఈయప్ప?" అన్నాడు.

"కాలేజీలో నాతోపాటు చదివినాడు. టీ చెప్పిరా పో."

అబ్బాయి పోయాక వాడు బల్ల మీదికి వంగాడు. "రాసుకో. ఆయప్ప తప్పేం లేదని రాయి, అది రాయాల్సిందే. పేర్లు మాత్రం రాయొద్దు. నీది వద్దు, మా ఊరిది వద్దు."

"ఆయన పేరన్నా రాయనీప్పా. ఆ పేరు కోసమే గదా ఇదంతా."

"ఆయప్ప పేరు రాస్తే ఏ బస్సో తెలుస్తాది. ఏ బస్సో తెలిస్తే ఎవురి నాయనో తెలుస్తాది. ఆ తర్వాత నీ కాడికి రావడానికి ఎంతసేపు? పేరు లేకుంటే ఎవురికీ ఏమీ తెల్దు. మన దిక్కు బస్సు ఆపి మనిషిని దించిన కత లేని రోడ్డు యాడుండాది?" వీధి చివర టీ అంగడి దగ్గర నిలబడిన కొడుకు వైపు చూశాడు. "వాడు నాలెక్కనే. చేతికి దొరికిందల్లా చదువుతాడు."

అబ్బాయి టీ తెచ్చి రెండు చేతులతో అందించాడు. తాగి, లేచి వచ్చాను. బస్సు తిరిగే దారి, ఊర్లు, అంగళ్లు ఇందులో మార్చే రాశాను.

ఆయన పేరు రాయాలనే మొదలుపెట్టాను. రాయలేదు.